ఫస్టొచ్చిన గాలి

పెనుకొండ కొండ కింద, హైవేకి రెండు కిలోమీటర్ల లోపల కుళ్ళాయప్ప మిద్దె. బెంగళూరు కాలేజీలో గాలి మీద పరిశోధన చేస్తున్న హేమావతి ఆ మిద్దె మీద నిలబెట్టిన ఇనుప కమ్మీకి ఒక తెల్లపెట్టె బిగిస్తోంది. అరవైకి దగ్గరపడిన కుళ్ళాయప్ప స్పానర్లు అందిస్తున్నాడు. స్పానర్ల కంటే సలహాలే ఎక్కువ అందిస్తున్నాడు.

"ఆడ వద్దు పాపా. ఈ పక్క బిగించు, మల్లెపందిరి పక్కన. రోంత వాసన గూడా తగులుతాది దానికి."

"దానికి వాసన తెలీదు మామా. దానికి తెలిసింది ఒకటే, ఓజోను."

"అదేలే. మంచి గాలి తగలనీ అంటాండా. బెంగళూరు నుంచి ఇంత బరువు మోసుకొస్తివి. మంచి మార్కులు పడితే నీకూ పేరే గదా."

"నాకు పేరు మార్కులతో రాదు. ఉన్నది ఉన్నట్ల రాసుకుంటే వస్తాది. పదమూడో నంబరు ఇయ్యి."

"ఇదో. ఉన్నదే అంత బాగుంటే ఇంక భయమేమి? నీది యాడ పాపా, ధర్మవరమంటివి గదా? మగ్గాలోళ్లా?"

"మా నాయన నేసేవాడు. ఇప్పుడు అమ్మ ఒక్కతే ఉండాది ఇంట్లో. మా మిద్దె మీద గూడా ఇట్లాంటి పెట్టే పెట్టినా. దాని సోలారు పలక మీద మా అమ్మ వడియాలు ఎండబెట్టింది."

"ఎండినాయా?"

"వడియాలు ఎండినాయి. పెట్టెకు మూడు దినాలు కరెంటు రాల్యా."

"మా ఆడమనిషి ఉలిగమ్మ అట్లాంటిది కాదులే. మొత్తం యాడ్యాడ పెడతాండావు?"

"నాలుగు చోట్ల. బెంగళూరులో ఒక పెద్ద సిగ్నలు దగ్గర. హిందూపురం బస్టాండులో. ఈడ. మల్లా ధర్మవరంలో. సిటీ నడిబొడ్డు నుంచి దూరం పోయేకొద్దీ గాలి ఎట్ల మారతాదో చూసేకి."

"హిందూపురంలోనా? బస్టాండులో యాడ?"

"డిపో గోడ పక్కన ఒక టీ అంగడి ఉండాది గదా, దాని మిద్దె మీద."

"ఆంజనేయులు అంగడి. దాని పక్క షెడ్డు నాదే పాపా. ముప్పై ఏండ్లు. లారీ ఇంజన్లు, పంపుసెట్లు, ఏది తెచ్చినా సాయంత్రానికి డుబుడుబు అనిపించి పంపేవాణ్ణి. నీ తెల్లపెట్టె వారానికే నల్లగైతాది చూడు ఆడ."

"అంత బాగా నడిచే షెడ్డును ఏంటికి విడిచిపెట్టినావు?"

"మా ఆడమనిషికి దగ్గు. డాక్టరు చెప్పినాడు, ఈ పొగలో ఉంటే మనిషి మిగల్దు, మంచి గాలి ఉన్న చోటికి పోండి అని. మా నాయన ఇచ్చిన చేను ఈడ పడుండె. వచ్చేస్తిమి. రెండేండ్లాయె."

"మంచి పని చేసినావు. ఏమి మామా, నువ్వే దగ్గుతాండావు?"

"మెట్లెక్కినా గదా. ధూళి. అది వదిలెయ్యి. నాకొక కాయితం కావాల పాపా."

"ఏం కాయితం?"

"మీ కాలేజీ ముద్ర ఉన్నది. ఈ గాలి మంచిదని. కింద మూడు రూములు కట్టించినా, చూస్తివి గదా. 'కొండగాలి విడిది'. శనివారమైతే బెంగళూరోళ్లు కార్లేసుకొని వస్తాండారు. ఆ కాయితానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించినానంటే..."

"మూడు వారాలు కానీ. నంబర్లు వస్తే నేనే నీ ఫోనుకు పంపిస్తా. నమస్తే అత్తా, నువ్వేంటికి మెట్లెక్కినావు మజ్జిగ పట్టుకొని?"

"తాగు తల్లీ. ఈయప్ప నీకు పని చేయనిస్తాండాడా, ఊరికే మాట్లాడతాండాడా?"

"రెండూనూ. దగ్గు ఎట్లుండాదత్తా?"

"యా దగ్గు?"

"నీ దగ్గు. మామ చెప్పినాడు."

"ఆఁ. అదా. తగ్గిందిలే. కొండగాలి గదా."

ఏప్రిల్ ఎండలకు కొండరాళ్లు పెళపెళలాడుతున్న రోజుల్లో హేమావతి మళ్ళీ వచ్చింది. మూడు వారాల లెక్కలు రెండు రోజుల ముందే కుళ్ళాయప్ప ఫోనుకు పంపింది. ఆయన ఆ రాత్రే ఉలిగమ్మను కూర్చోబెట్టి శనగపప్పు ఉడికించాడు, తెల్లారేసరికి పూర్ణం పెట్టిన ఓళిగలు సిద్ధం. హేమావతి ఆటో దిగి గేటు దగ్గరే ఆగిపోయింది. ఆయన చేతిలో పళ్లెంతో ఎదురొచ్చాడు.

"మామా, ఈ బోర్డు ఎవురు రాసినారు?"

"పెయింటరు గంగన్న. అక్షరం ముత్యం మాదిరి ఉండాది గదా. చదువు. గట్టిగా చదువు, ఉలిగమ్మ గూడా వింటాది."

"'ఓజోను నిండిన స్వచ్ఛమైన కొండగాలి. పెనుకొండ అరవై ఎనిమిది. ధర్మవరం అరవై ఒకటి. హిందూపురం ముప్పై నాలుగు. బెంగళూరు పంతొమ్మిది మాత్రమే.'"

"ఆ 'మాత్రమే' నేను చెప్పి రాయించినా. గంగన్నకు తోచల్యా."

"మామా..."

"ముందు ఓళిగ తిను. నెయ్యి వేసుకో. మీ ధర్మవరం సెకండు, తక్కువేమీ కాదు. ఏడు మార్కులే తేడా. తహసీల్దారు ఆఫీసుదాకా పంచినా తెలుసా ఓళిగలు? హిందూపురం ఆంజనేయులుకు ఫోను చేసి చెప్పినా, ఏమప్పా, మీకు ముప్పై నాలుగే, ఒక్క మార్కులో తప్పినారు అని."

"మామా, కూర్చో."

"నిలబడే ఉంటా. చెప్పు."

"కూర్చో మామా. ఇది మార్కులు కాదు. జ్వరం మాదిరి. ఎక్కువొస్తే ఓళిగలు చేసుకునేది కాదు."

"ఏమంటాండావు?"

"గాలిలో వంద కోట్ల పాళ్లుంటే ఓజోను ఎన్ని పాళ్లుండాది అనే లెక్క అది. నడిమద్యానం రెండు గంటలప్పటి లెక్క. తక్కువుంటే మేలు. నాలుగింట్లో నీదే ఎక్కువ."

"ఓజోను మంచిది గదా పాపా. బడి పుస్తకాల్లోనే ఉండాది. భూమికి గొడుగంట. చిల్లులు పడితే దేశదేశాలోళ్లు ఏడ్చినారంట."

"పైన ఉంటే గొడుగే. కిందికి దిగి ముక్కులోకి పోతే గొంతు మంట, దగ్గు, ఆయాసం."

"రెండూ ఒకటే గదా?"

"మిరప్పొడి ఒకటే. కూరలో పడితే రుచి, కంట్లో పడితే?"

"ఉలిగమ్మా, నీళ్లు తే."

"తెచ్చినా, తాగు. నేను ఆ పొద్దే చెప్తి, బోర్డు రాయించేముందు ఆ పాపను ఒక్క మాట అడుగప్పా అని."

"గమ్మునుండమ్మే. పాపా, ఇదెట్ల కుదురుతాది? ఈ కొండ కింద ఫ్యాక్టరీ లేదు. బండ్లు లేవు. ఎనుములు నాలుగు, మల్లెపందిరి ఒకటి. బెంగళూరు సిగ్నలు దగ్గర నిలబడితే కండ్లు మండుతాయి. దానికి పంతొమ్మిది, నాకు అరవై ఎనిమిదా? నీ పెట్టె తిక్కదై ఉంటాది."

"అట్లాంటి అనుమానమొస్తాదనే, బిగించేముందు నాలుగు పెట్టెలూ ఒక్క చోటనే పెట్టి చూసినా. నాలుగూ ఒకటే నంబరు చూపించినాయి. విను మామా. ఓజోను ఏ పొగగొట్టంలోనుంచీ నేరుగా రాదు. బండి పొగ పచ్చిసరుకు. ఎండ పొయ్యి. పొద్దున బెంగళూరులో లేసిన పొగ, గాలి మనవైపు తిరిగిన దినాల్లో, దావపొడుగునా ఎండకు ఉడుకుతా వస్తాది. ఈడికి చేరేసరికి వంట అయిపోతాది."

"వంట అయినంక నా ఇంట్లో దిగుతాది."

"నీ ఇంట్లో, మా ధర్మవరంలో, ఊరి బయట శానా చోట్ల. సిటీ నడుమ గూడా ఓజోను పుడతాది గానీ, ఆడ పొద్దస్తమానం బండ్లు తాజా పొగ ఊదుతాంటాయి గదా. ఆ పచ్చి పొగ ఓజోనును తినేస్తాది. అందుకే సిగ్నలు దగ్గర నంబరు తక్కువ. ఆడి గాలి మంచిదని కాదు. ఓజోనొక్కటి తక్కువ, కడమ దరిద్రమంతా ఉంటాది."

"అయితే శనివారం శనివారం బెంగళూరోళ్లు కార్లేసుకొని ఇంత దూరం వచ్చేది..."

"వాళ్ల పొగ వాళ్లే పీల్చేకి."

"ఉడకబెట్టింది."

"ఆఁ. వచ్చేటప్పుడు దావలో ఇంకొంచెం వదిలి."

"నవ్వద్దమ్మే ఉలిగమ్మా. నవ్వులాట కాదిది. పాపా, అన్నావు గదా, పచ్చి పొగ తినేస్తాదని. నిజంగా తినేస్తాదా?"

"తింటాది."

"ఎంత సేపటికి?"

"నిమిషాల్లో. ఏమి మామా?"

"డీజలు పొగైనా?"

"డీజలు ఇంకా బాగా తింటాది. ఏంటికి అడుగుతాండావు?"

"ఊరికే. చదువుకున్నోళ్లు ఇంటికొచ్చినప్పుడు నాలుగు మాటలు తెలుసుకుంటే మంచిది గదా."

పది రోజులు గడిచాయి. పెనుకొండ పెట్టె పంపిస్తున్న నంబర్లు చూసి హేమావతికి బెంగళూరులో నిద్ర పట్టడం లేదు. ఒక మధ్యాహ్నం భోజనం మానేసి ఫోను చేసింది. కుళ్ళాయప్ప చాలాసేపటికి గాని ఎత్తలేదు. ఎత్తినప్పుడు ఆయన గొంతు దగ్గుతో కలిసి ఏదో హోరులోంచి వస్తున్నట్టుంది.

"మామా, పెట్టె చెడిపోయినట్లుండాది."

"ఏం చెడిపోల్యా. నేను దినామూ గుడ్డ పెట్టి తుడుస్తాండా."

"అయితే దినామూ పన్నెండున్నరకు నంబరు దబ్బున పడిపోతాండాదే? నాలుగుకు, మూడుకు. సాయంత్రం నాలుగైతే మల్లా లేస్తాండాది."

"మంచిదే గదా. కొండగాలి బాగుపడింటాది."

"మొన్న ఆదివారం మాత్రం పడల్యా."

"ఆదివారం డీజలు తెచ్చేకి... ఆదివారం సెలవు గదా."

"ఎవురికి సెలవు? గాలికా?"

"వినపడల్యా పాపా. సిగ్నలు లేదు."

"నీ మాట నాకు బాగా వినపడతాండాది. వెనక ఇంకోటి గూడా వినపడతాండాది. ఆ శబ్దమేమి?"

"యా శబ్దం? గాలి. కొండ మీద నుంచి దిగుతాండాది."

"గాలి డుబుడుబు అంటాదా?"

"పెనుకొండ గాలి అట్లనే ఉంటాది."

"అత్తకియ్యి ఫోను."

"ఆమె చేనికాడ..."

"నేను ఈడనే ఉండా తల్లీ. చెప్పు."

"అత్తా, మిద్దె మీద ఏం జరుగుతాండాది?"

"ఏం చెప్పేది. షెడ్డునాటి పాత ఐదు గుర్రాల ఇంజను ఒకటి మూలన పడుండె. దాన్ని నలుగురితో మోయించి మిద్దె ఎక్కించినాడు. దాని పొగగొట్టం నీ పెట్టె మూతికి తిప్పినాడు. పన్నెండున్నరకు సంగటి తిని పైకెక్కుతాడు, దాని పక్కన స్టూలేసుకొని నాలుగుదాకా కూచుంటాడు, కాపలా."

"దేవుడా."

"మల్లెలు కోస్తే చేతికి మసి. మిద్దె మీద తెల్ల దుప్పట్లు ఆరేస్తే నల్ల ఎనుము రంగుకు తిరిగినాయి. మొన్న మాధవీలత అని బ్యాంకు మేడమొచ్చింది. పాపం, రెండు దినాలుండేకి వచ్చింది. మద్యానం కిటికీ తీసి, ఏమండీ, అచ్చం మా బెంగళూరు సిల్కుబోర్డు సిగ్నలు వాసనే వస్తాండాదే అనింది. సందకాడికి కారెక్కి పోయింది."

"బోర్డు మీద ఇప్పుడేముండాది?"

"అరవై ఎనిమిది చెరిపి, పెట్టె మీద కనపడే అంకె చూసి నాలుగు రాయించినాడు. ఆ 'మాత్రమే' అనేదాన్ని బెంగళూరు పక్క నుంచి తీయించి మా పక్కకు తెచ్చుకున్నాడు."

"ఫోను మామకియ్యి అత్తా. మామా, ముందు ఇంజను ఆపు."

"ఆపుతా పాపా. ఇదో. ఆగింది."

"మామా, ఇది నా పరీక్ష. మూడు నెలలు నాలుగు ఊర్లకు తిరిగి పెట్టినా ఈ పెట్టెలు. ఒకదాంట్లో లెక్క తప్పైతే కడమ మూడింటినీ మా సారు నమ్మడు. తెలుసా నీకు?"

"తెలీదు."

"నీకు బోర్డు మీద నాలుగనే అంకె కావాల. దానికని నా పని మసి చేస్తివి."

"బోర్డు కోసం కాదు పాపా."

"మరి?"

"మొదటి రెండు దినాలు బోర్డు కోసమే. అబద్ధమేంటికి. ఆ తర్వాత ఆ నంబరు తగ్గుతాంటే... నిజంగానే గాలి బాగైతాందేమో అనుకుంటి. ఇంజన్ల మనిషిని. రిపేరు చేసేస్తాండా అనుకుంటి."

"ఓజోను తగ్గించేకి డీజలు పొగ పెట్టేది, ఎలుకలు పోవాలని ఇల్లు కాల్చుకున్నట్లు మామా. అది నువ్వే పీల్చినావు దినానికి మూడున్నర గంటలు. అందుకే ఇంత దగ్గుతాండావు."

"నా సంగతి వదిలెయ్యి. ఒక్క మాట చెప్పు. నిజం చెప్పల్ల. నేను ముప్పై ఏండ్ల షెడ్డు మూసి ఆమెను ఈడికి తీసుకొచ్చింది గాలి కోసం. వచ్చినప్పటినుంచి నడిమద్యానం టమేటా కయ్యిలో ఆమె కలుపు తీస్తాంటే, గట్టు మీద నిలబడి 'పీల్చమ్మే, బాగా పీల్చు' అని చెప్తాంటి. చెప్తాంటి పాపా, ఈ నోటితోనే. ఎండాకాలం మద్యానం ఈడ ఓజోను బస్టాండుకంటే రెండింతలు ఉండాదా లేదా?"

"ఉండాది. కానీ మామా, పూర్తిగా విను. అది మద్యానం..."

"చాలు పాపా. విన్నా."

"మామా, పెట్టేయద్దు, ఇంకా..."

మర్నాడు సందకాడ కుళ్ళాయప్ప ఇంటిముందు ఒక ట్రంకుపెట్టె, రెండు మూటలు, ఒక గ్యాసుపొయ్యి బయటికొచ్చాయి. ట్రంకుపెట్టె మీద ఉలిగమ్మ కాళ్లు చాపుకొని కూర్చుంది. ఆయన తాడు పట్టుకొని ఆమె చుట్టూ తిరుగుతున్నాడు.

"లెయ్యమ్మే. పెట్టెకు తాడు కట్టల్ల."

"కట్టు. నన్నూ కలిపి కట్టు."

"పరాచికాలాడద్దు. ఏడింటికి టెంపో వస్తాది."

"యాడికి?"

"తెలిసి అడుగుతాండావే? హిందూపురానికి. ఆంజనేయులుతో మాట్లాడినా. షెడ్డు వెనక రూము ఖాళీగానే ఉండాదంట."

"వాణ్ణి ఒక్క మార్కులో తప్పినావంటివి గదా?"

"క్షమించమంటి. ముప్పై నాలుగు శానా మంచి నంబరప్పా అని గూడా చెప్తి."

"ఏమన్నాడు?"

"టీ తాగుతాన్నోళ్లందరికీ వినిపించేటట్లు ఫోను స్పీకరులో పెట్టి మల్లా చెప్పమన్నాడు."

"చెప్పినావా?"

"రెండు సార్లు చెప్తి."

"అయ్యో. నువ్వేనా?"

"నేనే. ఏం చేసేది? లెయ్యి."

"ఈ రూములు?"

"బీగాలు వేసినా."

"బోర్డు?"

"గంగన్నతో సున్నం కొట్టించినా. ఒప్పుకోడే వాడు. ఈసారి ఏం నంబరు రాసేది అని రంగులు పట్టుకొని వచ్చినాడు."

"ఆ పాపకు మల్లా ఫోను చేసినావా?"

"ఏ ముఖం పెట్టుకొని చేసేది?"

"నేను చేసినా పొద్దున. నువ్వు సగం విని పెట్టేస్తివంట. కడమ సగం నేను విన్నా. ఎండాకాలం పన్నెండు నుంచి నాలుగుదాకా చేనికి పోకుండా ఇంట్లో ఉండాలంట, కిటికీలు మూసుకొని. అంతే. పొద్దున ఆరునుంచి పదిదాకా ఈడి గాలి నాలుగు ఊర్లలోనూ మేలంట. వానలు పడితే మద్యానం గూడా భయం లేదంట. హిందూపురం బస్టాండులో ఓజోనొక్కటే తక్కువ. మసి, దుమ్ము మనకంటే నాలుగింతలని వేరే లెక్కల్లో ఉండాదంట."

"ఆ పిల్లకు కోపం పోయిందా?"

"నీ పది దినాల లెక్కలు వాళ్ల సారుకు చూపించిందంట భయపడతా. ఆయన కడుపుబ్బ నవ్వినాడంట. పచ్చి పొగ ఓజోనును తింటాదని క్లాసులో చెప్పేకి ఇంతకంటే మంచి బొమ్మ యాడా దొరకదు, దీన్ని వేరేగా రాయి అన్నాడంట. పుస్తకంలో నీ పేరు గూడా వేస్తారంట."

"నా పేరా? ఏమని?"

"'పెనుకొండ కుళ్ళాయప్ప గారి డీజలు ఇంజను సహకారంతో' అని."

"వెక్కిరిస్తాండావు."

"ఒట్టు. అడుగు కావాలంటే."

"సరేలే, సంతోషం. లెయ్యి. టెంపో వచ్చే టైమాయె."

"చెప్పింది విన్లేదా? పొద్దున మంచిదంట ఈడ. బెంగళూరోళ్లను గూడా ఆరింటికే లేపి కొండెక్కించు, మద్యానం తలుపులేసి పండుకోమను. వాళ్లకు అది గూడా సుఖమే."

"వాళ్లెట్ల పోతే నాకేమి. నాకు లెక్కలు వద్దు ఉలిగమ్మా. పొద్దున మంచిదంట, మద్యానం చెడ్డదంట, వానకు మల్లా మంచిదంట. నీ ఊపిరితిత్తులు పెట్టి నేను పందెం కట్టలేను. ఆడైతే ఆస్పత్రి పక్కనే. షెడ్డు తెరవనులే, పొగ పెట్టను. ఆంజనేయులు పక్కన బల్లేసుకొని కూచుంటా."

"నువ్వు పో. నేను రాను."

"నీకోసం గదమ్మే పోయేది."

"నాకోసమైతే నన్ను ఈడనే ఉండనీ."

"నీ దగ్గు..."

"నాకు దగ్గు యాడిది?"

"యాడిదేంది? రెండేండ్ల కిందట హిందూపురంలో డాక్టరు దగ్గరికి పోల్యా మనం?"

"పోతిమి. లోపలికి ఎవురు పోయినారు?"

"నువ్వు."

"నువ్వు యాడుంటివి?"

"బయట... ఎవురిదో అంబాసిడరు స్టార్టు కాకపోతే..."

"దాని మూత తీసి లోపల తల పెట్టింటివి. నేనొక్కదాన్నే పోతి. రేయంతా దగ్గేది, నిద్రలో లేసి గోడకానుకొని కూచునేది, పొద్దున ఉమ్మితే నల్లగ పడేది, అన్నీ చెప్తి ఆయనకు."

"నువ్వెప్పుడు కూచుంటివి గోడకానుకొని? నేను చూడనే లేదే."

"నేను కూచున్నానని ఎవురన్నారు? ఆ మనిషిని తోలుకొని రామ్మా అన్నాడు డాక్టరు. రాడు సామీ, బండి రిపేరుంది అంటాడు అని చెప్తి. అయితే ఆ పొగలోనుంచి ఎట్లైనా బయటికి లాగు అన్నాడు."

"ఉలిగమ్మా... అయితే ఆ దగ్గు..."

"నీదే. నీకని చెప్పింటే ముప్పై ఏండ్ల షెడ్డు మూసేవాడివా? నాకని చెప్తి, మూడు దినాల్లో మూసేస్తివి."